నాన్న తల ఎత్తలేరు: బుద్ధవనం చూపించడం ఎలా?

మర్రిగూడ బిడ్డ:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. నేను నల్లగొండలో ఒక పాఠశాలలో తెలుగు చెబుతాను. మా నాన్నకు అరవై ఏడేళ్లు. మా మండలం పేరు వినగానే మీలో చాలామందికి విషయం అర్థమై ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆయన ఎముకలన్నీ బిగుసుకుపోయాయి. మెడ పక్కకు తిరగదు, పైకి లేవదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే పాదాలు కొద్దికొద్దిగా జరుపుకుంటూ ఒళ్లంతా అటు తిప్పవలసిందే. నడుము ముందుకు వంగి అక్కడే నిలిచిపోయింది కనుక నిలబడినప్పుడు ఆయన చూపు నేల మీద ఏడెనిమిది అడుగుల దూరంలోనే పడుతుంది. మోకాళ్లు పూర్తిగా చాచుకోవు, పూర్తిగా ముడుచుకోవు. వెల్లకిలా పడుకుని పదేళ్లు దాటింది. చెంబు ఎత్తి నీళ్లు తాగలేరు కాబట్టి గ్లాసులో స్ట్రా వేసి ఇస్తాము. ఇంట్లో వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా, అరుగు దాకా నడుస్తారు, అంతే.

ఆయన బావులు తవ్విన మనిషి. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని బావులకు రాయి కొట్టారో లెక్క లేదు. నీళ్లు పడ్డ రోజున ఆ బావి యజమాని కొబ్బరికాయ కొట్టి, మొదటి చెంబు నాన్న చేతికే ఇచ్చేవారట. ఆ సంగతి ఇప్పటికీ సంతోషంగానే చెబుతారు. మిషన్ భగీరథ వచ్చాక మా ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నా పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. నాన్న ఎముకలు మాత్రం ఇక వెనక్కి రావని వైద్యులు ఎప్పుడో చెప్పారు.

మొన్న దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు ఆయన నన్ను పిలిచి, “బిడ్డా, గీ నీళ్లు యాడికెల్లి వస్తున్నయో ఒక్కసారి కండ్ల జూడాలె” అన్నారు. నాగార్జునసాగర్ మాకు రెండు గంటల దారి. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా వెళ్లలేదు. అక్కడి బుద్ధవనం గురించి టీవీలో చూశారు, రాతిపని చేసిన చేతులు కనుక ఆ శిల్పాలు కూడా చూడాలని ఉంది. నేను స్కూలు పిల్లలతో ఒకసారి వెళ్లాను. 274 ఎకరాల తోట అది. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి నడిచేసరికి మా పిల్లలే అలసిపోయారు. మా నాన్నను అక్కడ ఎలా తిప్పాలో నాకు పాలుపోవడం లేదు.

వీల్‌చైర్ అద్దెకు తెస్తానంటే ఒప్పుకోవడం లేదు. “కుర్సీల కూసోబెట్టి నూకితే జనం ఏమనుకుంటరు, ఇంక పనికిరాని మనిషి అనుకోరా” అంటున్నారు. బయటికి వెళ్లవలసిన రోజున మూత్రం సమస్య వస్తుందని పొద్దుటి నుంచే నీళ్లు మానేస్తారు. కారులో కుదుపులకు ఏమవుతుందోనని అమ్మ భయపడుతోంది. ఇలాంటి మనిషిని తోటలకు, పార్కులకు తీసుకువెళ్లిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

పాలమూరు ఫిజియో:

నమస్కారం అమ్మా. నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను. వెళ్లాలా వద్దా అన్నది మీరూ మీ నాన్నగారూ నిర్ణయించుకోవలసిన విషయం. శరీరం గురించి నాకు తెలిసింది మాత్రం చెబుతాను.

ఫ్లోరైడ్ చేరిన ఎముక చూడడానికి గట్టిపడినట్టు కనిపించినా సులభంగా విరుగుతుంది. మామూలు మనిషి పడితే దెబ్బ తగులుతుంది, మీ నాన్నగారు పడితే తుంటి విరగవచ్చు. అందువల్ల ఆయన్ని చంకల కింద చేతులు వేసి పైకి లాగడం ఎవరు చేయబోయినా వద్దనండి. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, ఆ బెల్టు పట్టుకుని లేపాలి. సాయం చేసే ఉత్సాహంలో తెలియనివారు మెడను నిటారుగా చేయబోతారు, వీపు మీద నొక్కుతారు. అది అసలే జరగకూడదు. వెన్నెముక చుట్టూ ఉన్న బంధనాలు సున్నంలా గట్టిపడ్డ చోట లోపలి నాడులకు చోటు ఇరుకై ఉంటుంది. ఈమధ్య కాళ్లలో తిమ్మిరి పెరిగిందా, నడక మారిందా, మూత్రం పట్టు తప్పుతోందా అని అడిగి చూడండి. వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా ప్రయాణం పక్కన పెట్టి ముందు వైద్యునికి చూపించండి.

కారులో ముందు సీటు, వీపు కాస్త వెనక్కి వాల్చి. ముందుగా సీటుకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద నున్నటి ప్లాస్టిక్ కవరు వేస్తే ఒళ్లు సులువుగా తిరుగుతుంది. తిరిగిన తర్వాత ఆ కవరు తీసేయండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు ముందుకు జారతారు. మెడ వెనుక ఎంత ఖాళీ ఉంటే అంత మందాన తువ్వాలు మడిచి పెట్టండి. మర్రిగూడ నుంచి సాగర్ దారిలో చింతపల్లి, కొండమల్లేపల్లి దాటేలోగా ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయో మీకే తెలుసు. డ్రైవరుకు ముందుగానే చెప్పి, ముప్పావు గంటకొకసారి ఆగండి.

నీళ్లు మానేయడం మాత్రం ఒప్పుకోకండి. స్ట్రాతోనే గుక్కెడు గుక్కెడుగా తాగించండి. యూరిన్ క్యాన్ ఒకటి, కప్పుకోవడానికి పంచె ఒకటి కారులో ఉంచితే ఆ భయం సగం తగ్గుతుంది.

దేవరకొండ మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మీ ప్రేమను తప్పు పట్టడం లేదు గానీ, ఇంత ప్రమాదం ఎందుకు తెచ్చుకోవడం అనిపిస్తోంది. నా భార్యకు పక్షవాతం వచ్చిన తర్వాత ఆమె అడిగిందని నాగార్జునకొండ మ్యూజియం చూపిద్దామని లాంచీ దాకా తీసుకువెళ్లాను. ఒడ్డుకూ లాంచీకీ మధ్య పలక మీద అడుగు వేయవలసి వచ్చినప్పుడు ఆమె కాళ్లు వణికిపోయాయి. ఎక్కలేదు. వెనుక క్యూలో ఉన్నవారందరూ చూస్తుండగా వెనక్కి తిరిగి వచ్చాము. ఇంటికి చేరేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫోనులో మంచి వీడియోలు ఉన్నాయి, ఇంట్లో పెద్ద తెర మీద చూపించండి. లాంచీ వైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి.

చక్రాల కుర్చీ, మిర్యాలగూడ:

చెల్లెమ్మా, నాకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లుగా వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. కనుక కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా మాస్టారు గారికి ఒక మాట. సార్, మీ బాధ నాకు అర్థమవుతుంది. మీ భార్యగారు ఆ పలక దగ్గర ఆగిపోయింది ఆమె కాళ్ల వల్ల మాత్రమే కాదు, ఆ పలక వల్ల కూడా. అక్కడ వెడల్పాటి, ఊగని మార్గం ఉంటే ఆమె ఎక్కి ఉండేవారు. మనిషికి చూడాలని ఉన్నప్పుడు వీడియో చూపిస్తే, “నీకు ఇక ఇదే” అని చెప్పినట్టు ఉంటుంది. అరవై ఏడేళ్ల మనిషి జీవితంలో ఒక్కసారి అడిగాడు. తీసుకువెళ్లాలి.

అయితే మీరు అడిగిన ప్రశ్నను నేను కొంచెం మార్చుకుంటాను. 274 ఎకరాల్లో నాన్నను ఎలా తిప్పాలి అని మీరు అడిగారు. తిప్పనక్కరలేదు. ఆయన కళ్లు ఎక్కడిదాకా అందుతాయో చూసి, ఆ ఎత్తులో ఏవి ఉన్నాయో అవి మాత్రం ఎంచుకోండి. బుద్ధవనంలో ఎనిమిది విభాగాలు ఉన్నాయి, వాటిలో రెండు చాలు. జాతకవనంలో నలభై జాతక కథలను, అంటే బుద్ధుని పూర్వజన్మల కథలను, శిల్పాలుగా పెట్టారు. బుద్ధచరిత వనంలో బుద్ధుని పుట్టుక నుంచి మహాపరినిర్వాణం దాకా ముఖ్య ఘట్టాలు ఉంటాయి. ఇక మహాస్తూపం ఎత్తు 21 మీటర్లు, వ్యాసం 42 మీటర్లు. దగ్గరికి వెళితే మీ నాన్నకు దాని అడుగు గోడ తప్ప ఏమీ కనిపించదు. మనలాంటివారిని పాదాల దగ్గరికి తోసుకువెళ్లి, “చూడు ఎంత పెద్దదో” అంటారు; మనకేమో మొదటి మెట్టు కనిపిస్తుంది. వంద గజాల వెనక్కి ఆగండి. అక్కడ కూర్చుంటే అంత పెద్ద గుండ్రటి కట్టడం, తల ఎత్తకుండానే, కిందికి దిగివచ్చి చూపులో ఇముడుతుంది. ఎక్కడ ఆగాలో మీకెలా తెలుస్తుందంటే, మీరు ఒక రోజు ముందు వెళ్లి, నాన్న ఎత్తుకు వంగి, మెడ కదపకుండా నడిచి చూడండి. పిచ్చిగా అనిపిస్తుంది గానీ అదొక్కటే సరైన కొలత.

వెళ్లినప్పుడు ఒక టేపు తీసుకువెళ్లండి. ర్యాంపు ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. అంతకంటే నిటారుగా ఉంటే ఒక్కరు నెట్టలేరు, దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, నెట్టేవారు కింద ఉండి, మెల్లగా దింపాలి. తలుపు తెరిచాక మూడు అడుగుల ఖాళీ, లోపల కుర్చీ తిరగడానికి అయిదు అడుగుల గుండ్రటి చోటు ఉంటే ఆ టాయిలెట్ పనికొస్తుంది. వీల్‌చైర్ బొమ్మ తలుపు మీద ఉన్నంత మాత్రాన నమ్మకండి. పేరు చెప్పను గానీ, ఒక ఊరి పార్కులో ఆ బొమ్మ అందంగా వేసిన గదిలో చీపుర్లు, బకెట్లు, విరిగిన బెంచీ పెట్టి తాళం వేశారు. తాళం చెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. నేను ఆ తలుపు ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. అందుకే ముందు రోజు వెళ్లినప్పుడు తలుపు తెరిపించి, లోపలికి వెళ్లి చూసి రండి. ఇండియన్ టాయిలెట్ తప్ప మరేదీ దొరకని చోట మధ్యలో రంధ్రం ఉన్న మడత కమోడ్ కుర్చీ మీద పెట్టుకుంటే సరిపోతుంది. కారు డిక్కీలో పడుతుంది.

ఇవి ఎవరో దయతలిచి చేసే పనులు కావని నాన్నకు తెలియాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం విశ్రాంతికీ వినోదానికీ జనం వెళ్లే కట్టడాలు కూడా ప్రజా భవనాల కిందికే వస్తాయి. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి, అప్పటి నుంచి అయిదేళ్లలో పాతవాటినన్నిటినీ అందరూ వాడుకునేలా మార్చాలని 45వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు 2022తోనే ముగిసింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా, ఈ సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు చేయాలి అని కేంద్రానికి చెప్పింది. ఎక్కడైనా మెట్లు మాత్రమే ఉండి ర్యాంపు లేకపోతే ఫోటో తీసి కేంద్ర ప్రభుత్వపు సుగమ్య భారత్ యాప్‌లో పెట్టండి. నాన్నకు వైకల్య ధ్రువపత్రం లేకపోతే అది కూడా తీయించండి. ఆయన వైకల్యం, ప్రయోజనాలకు అడిగే నలభై శాతానికి తక్కువ ఉంటుందని నేను అనుకోను.

ఇక కుర్చీలో కూర్చోవడానికి సిగ్గు. ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా నేను చేతులతో నేల మీద పాకుతూనే తిరిగాను, కుర్చీ వద్దన్నాను. కుర్చీ ఎక్కితే ఓడిపోయినట్టు అనుకున్నాను. మొదటిసారి ఎక్కిన రోజున జరిగిందేమిటంటే, బజారులో మనుషుల ముఖాలు కనిపించాయి. అప్పటిదాకా నాకు మోకాళ్లే కనిపించేవి. మీ నాన్నకు ఇది ఇలాగే చెప్పండి. వాకర్‌తో నడిస్తే ఆయన శక్తి అంతా కింద పడకుండా ఉండడానికే ఖర్చవుతుంది, చూపు నేల మీదే ఉంటుంది. కుర్చీలో కూర్చుని వీపు కాస్త వెనక్కి ఆనితే చూపు లేస్తుంది. శిల్పాలు చూడడానికి వెళుతున్నారు కదా, కళ్లకు పని దొరకాలంటే కాళ్లకు సెలవు ఇవ్వాలి.

నెట్టేవారికి ఒక విన్నపం. వెనుక నుంచి మాట్లాడకండి. మెడ తిరగని మనిషికి వెనుక నుంచి మాట వినిపిస్తే ఎవరో ఏమిటో తెలియదు, ఉలిక్కిపడతారు. చెప్పవలసింది ఉంటే కుర్చీ ఆపి, బ్రేకు వేసి, ముందుకు వచ్చి, ఆయన చూపు పడే చోట కూర్చుని చెప్పండి. ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో ఆయన్నే చెప్పమనండి. కంకర బాటలో చిన్న చక్రాలు కూరుకుపోతాయి. అక్కడ కుర్చీని వెనక్కి తిప్పి లాగితే పెద్ద చక్రాలు దాటిస్తాయి.

పిల్లలమర్రి పక్కింటివాడు:

అక్కా, నేను మహబూబ్‌నగర్‌వాణ్ణి. పైన అన్న చెప్పిన వాటిలో ఒకటి కలుపుతాను. మా నానమ్మకు నడుము పూర్తిగా వంగిపోయింది. 2017కు ముందు, పిల్లలమర్రి మాను కిందికి జనాన్ని ఇంకా వెళ్లనిస్తున్న రోజుల్లో, ఆమెను తీసుకువెళ్లాము. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాలకు పైగా ఊడలు పరుచుకుని ఉంటుంది. అందరూ పైకి చూసి అబ్బురపడుతుంటే ఆమెకు ఎండుటాకులు, మా చెప్పులు కనిపిస్తున్నాయి. అప్పుడు మా అమ్మ తన సంచిలో నుంచి బొట్టు పెట్టుకునే చేతి అద్దం తీసి నానమ్మ ఒళ్లో వెల్లకిలా పెట్టింది. అద్దంలో కొమ్మలు కనిపించాయి. నానమ్మ అద్దాన్ని అటూ ఇటూ వంచుతూ చెట్టు మొత్తం అలా చూసింది. ఒక చోట కొమ్మ మీద కూర్చున్న చిలుకను పట్టుకుని, మాలో ఎవరికీ కనిపించని దాన్ని మాకు చూపించింది.

2017 డిసెంబరులో కొమ్మ విరిగి పడడంతో చెట్టు దగ్గరికి వెళ్లడం ఆపేశారు. చెద పట్టిన కొమ్మలకు ఆసుపత్రిలో మనుషులకు ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు, బరువుకు వంగిన కొమ్మలకు కింద స్తంభాలు ఊతంగా పెట్టారు. అద్దం పెద్దది వద్దు, పుస్తకమంత ఉంటే చాలు, అంచులు కోసుకోకుండా ఫ్రేము ఉన్నది తీసుకోండి. ఎండ నేరుగా అద్దంలో పడి కళ్లల్లోకి కొట్టకుండా సూర్యుడికి వీపు పెట్టి కూర్చోబెట్టండి.

మర్రిగూడ బిడ్డ:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మిర్యాలగూడ అన్నయ్య రాసింది నాన్నకు చదివి వినిపించాను. మనుషుల ముఖాలు కనిపించాయి అన్న మాట దగ్గర ఆపమని, మళ్లీ చదవమన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మతో “కుర్సీ కిరాయికి ఎంతట” అని అడిగారట. కుర్చీ కిరాయికి తెచ్చాము. ఒక్క సందేహం: దాని సీటు ఆయనకు తక్కువ ఎత్తు అనిపిస్తోంది, లేవడం కష్టమవుతోంది. ఏం చేయాలి?

పాలమూరు ఫిజియో:

మూడు నాలుగు అంగుళాల గట్టి ఫోమ్ దిండు వేయండి, మెత్తటి దూది దిండు వద్దు, అందులో మునిగిపోతే లేవడం ఇంకా కష్టం. ఫుట్‌రెస్టులు కూడా అంతే మేరకు సర్దాలి, లేకపోతే పాదాలు గాలిలో వేలాడతాయి. పావుగంటకొకసారి చేతులతో ఆనుకుని ఒళ్లు కొంచెం పైకి తేల్చుకోమనండి, లేదా మీరే కొద్దిగా పక్కకు ఒరిగించండి. కదలకుండా కూర్చుంటే తొడల కింద పుండ్లు పడతాయి. ఆదివారం కాకుండా పని రోజున, పొద్దున్నే వెళ్లండి. డిసెంబరు, జనవరి నెలలు మంచివి. ఫిబ్రవరి దాటితే మన వైపు ఎండకు నల్లరాతి బాట సెగ కక్కుతుంది.

మర్రిగూడ బిడ్డ:

నిన్న వెళ్లి వచ్చాము. ఎలా జరిగిందో రాస్తానని నాకు నేనే మాట ఇచ్చుకున్నాను కనుక రాస్తున్నాను.

అన్నయ్య చెప్పినట్టు నేను ముందు రోజు ఒంటరిగా వెళ్లి, నడుము వంచి, మెడ బిగించి నడిచాను. అయిదు నిమిషాలకే నా మెడ నరాలు లాగాయి. ఆయన పదిహేనేళ్లుగా ఇలాగే లోకాన్ని చూస్తున్నారని అప్పటిదాకా నాకు నిజంగా తెలియదు. ఎక్కడ ఆగాలో, నీడ ఎక్కడ ఉందో, టాయిలెట్ ఎక్కడ ఉందో ఒక కాగితం మీద గీసుకున్నాను. దారిలో మూడు చోట్ల ఆగాము. నాన్న నీళ్లు తాగారు.

మహాస్తూపం దూరం నుంచి చూశారు. కుర్చీ ఆపించి, “ఇంకొంచెం యెన్కకు గుంజు” అని రెండుసార్లు తానే చెప్పి, సరిపోయిన చోట చెయ్యి ఎత్తారు. అక్కడ పావుగంట కూర్చున్నాము. జాతకవనంలో నలభై చూడలేదు, ఆరో ఏడో చూసి ఉంటాము. నేను కథ చెబుతుంటే ఆయన కథ వినడం లేదు. అంచులు ఎలా తిప్పారో, ఎక్కడ లోతుగా వెళ్లారో కళ్లతో తడుముతున్నారు. ఆయన కుడిచేతి వేళ్లు ఒళ్లో సుత్తి పట్టుకున్నట్టు ముడుచుకుని మెల్లగా కదలడం నేను చూశాను.

బుద్ధచరిత వనంలో మహాపరినిర్వాణం గురించి అడిగారు. రెండు సాల వృక్షాల మధ్య బుద్ధుడు కుడివైపుకు తిరిగి పడుకుని దేహం విడిచాడని చెప్పాను. “ఒళ్లు సాపుగ జాపుకొని పోయిండా?” అని అడిగారు. అవునన్నాను. “మంచిగ పోయిండు” అన్నారు. నాకు మాట రాలేదు. కుర్చీ ముందు అలాగే కూర్చుండిపోయాను.

జనం చూడలేదని చెప్పను, చూశారు. ఒక చిన్న పిల్ల వచ్చి తాతా నీకేమైంది అని అడిగింది, వాళ్ల అమ్మ దాన్ని గదమబోయింది. నాన్న ఆపి, మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేదమ్మా, అది ఎముకల్ల జేరింది అని ఆ పిల్లకు అర్థమయ్యేలా చెప్పారు. ఒక చోట రెండు మెట్లు అడ్డొచ్చాయి. ఎవరో ఇద్దరు అబ్బాయిలు పరుగున వచ్చి చంకల్లో చేతులు పెట్టబోతే అమ్మ గట్టిగా వద్దని, బెల్టు చూపించి, ఎలా పట్టుకోవాలో నేర్పింది. మొదట ఈ ప్రయాణమే వద్దన్న మనిషి ఆమె.

తిరుగు ప్రయాణంలో జలాశయం కనిపించే చోట కారు ఆపించాము. కుర్చీ దింపి నీళ్ల వైపు తిప్పాము. నీళ్లకైతే తల ఎత్తనక్కరలేదు, ఆయన చూపు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే అవతలి గట్టు దాకా పరుచుకుని ఉన్నాయి. “ఇన్ని నీళ్లా” అన్నారు. ఇంకేమీ అనలేదు. గంటసేపు ఉన్నాము. చలిగాలి మొదలయ్యాక అమ్మ వెనుక నుంచి శాలువా కప్పింది. అప్పుడు నాన్న ఒళ్లో ఉన్న అద్దం తీసి, దాన్ని భుజం మీదుగా కొంచెం కొంచెం వంచుతూ, వెనుక నిలబడ్డ అమ్మ ముఖం అందులో దొరికేదాకా తిప్పారు. దొరికాక, “నువ్వు గూడ ముంగటికి రా, ఆడ నిలబడితె నీకేం గనవడ్తది” అన్నారు.

మాస్టారు గారూ, అమ్మగారు ఇంకా సాగర్ చూడాలనుకుంటుంటే నేను గీసుకున్న కాగితం ఫోటో తీసి పంపిస్తాను. కుర్చీ కూడా మా దగ్గరే ఉంది. నెలకు మాట్లాడి తీసుకున్నాము, ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది.